కారు చక్రాల దొంగతనం: అపోహలు, వాస్తవాలు

టైర్లు, అలైన్‌మెంట్ పనిలో ఉన్నవారిని చక్రాల భద్రత గురించి కారు యజమానులు సాధారణంగా రెండు సందర్భాల్లోనే అడుగుతారు: కొత్త అల్లాయ్‌లు బిగించుకున్న రోజున, లేదా తమ వీధిలో ఎవరిదో కారు చక్రాలు లేకుండా ఇటుకల మీద నిలబడి ఉండగా చూసిన మరునాడు. రెండు సందర్భాల్లోనూ వారు ముందుగానే కొన్ని నమ్మకాలతో వస్తారు. ఏ తాళమూ చక్రాన్ని పూర్తిగా కాపాడదు. దొంగకు పట్టే సమయాన్ని, అతడు చేయక తప్పని చప్పుడును పెంచడమే అది చేయగలిగిన పని. అదే సమయంలో అర్ధరాత్రి పంక్చరు పడితే యజమాని తన చక్రాన్ని తాను విప్పుకోగలగాలి. ప్రచారంలో ఉన్న ఉపాయాలను ఈ రెండు షరతుల మీద నిలబెట్టి చూస్తే చాలావరకు నిలవవు.

అపోహ: కారుకు అలారం, గేర్ లాక్, జీపీఎస్ ఉన్నాయి కాబట్టి చక్రాలకూ భయం లేదు.

ఇవన్నీ కారును కదలనివ్వకుండా లేదా కదిలిన కారును వెతికి పట్టుకోవడానికి ఏర్పాటు చేసినవి. చక్రాల దొంగ కారు తలుపు ముట్టుకోడు, ఇంజన్ జోలికి పోడు. కంపెనీ అమర్చే సాధారణ అలారం తలుపులు, బానెట్, డిక్కీ తెరుచుకున్నప్పుడు మోగుతుంది. కారు ఒక పక్కకు లేచినట్టు పసిగట్టే టిల్ట్ సెన్సర్ ఉంటే తప్ప, జాకీ పెట్టి ఎత్తినా దానికి తెలియదు. జీపీఎస్ పరికరం మాత్రం కారు ఉన్నచోటే ఉందని నిజాయితీగా చూపిస్తూనే ఉంటుంది. బయట పార్క్ చేయక తప్పనివారు అలారం మీద డబ్బు పెట్టదలిస్తే, టిల్ట్ సెన్సర్ ఉన్నదో లేదో అడిగి తీసుకోవడం మంచిది.

అపోహ: స్టీల్ రిమ్ముల కార్ల జోలికి ఎవరూ రారు.

అల్లాయ్‌ల మీదే దొంగల కన్ను ఎక్కువన్న మాట నిజమే. కానీ కొత్త టైర్లకు ఉన్న గిరాకీ రిమ్ము ఏదైనా ఉంటుంది. చక్రాల మార్కెట్‌లో అసలు కీలకం కారు పేరు కాదు, పీసీడీ, అంటే బోల్టు రంధ్రాల కేంద్రాల గుండా గీసిన వృత్తపు వ్యాసం. మారుతి స్విఫ్ట్‌కు, హ్యుందాయ్ ఐ20కి నాలుగు రంధ్రాలు, 100 మిల్లీమీటర్ల పీసీడీ. క్రెటా, సెల్టోస్ వంటి వాటికి ఐదు రంధ్రాలు, 114.3 మిల్లీమీటర్లు. మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్ (రిమ్ము వెడల్పు మధ్య నుంచి అది కారుకు ఆనే తలం వరకు ఉన్న దూరం) కుదిరితే ఒక కారు చక్రం వేరే కంపెనీ కారుకు కూడా ఎక్కుతుంది. ఈ కొలతలున్న కార్లు రోడ్ల మీద లక్షల్లో ఉన్నాయి కనుక దొంగ సొత్తుకు కొనేవారు దొరకడం కష్టం కాదు. ఖరీదైన విదేశీ కారు కంటే మామూలు కారు చక్రాన్ని అమ్ముకోవడమే సులువు.

అపోహ: వీల్ లాక్ నట్లు వేస్తే ఇక ఎవరూ విప్పలేరు.

దీనికి ఎదురు అపోహ కూడా అంతే గట్టిగా వినిపిస్తుంది: అవి వట్టి దండగ అని. రెండూ తప్పే. మామూలు నట్టుకు ఆరు మూలలు ఉంటాయి. మారుతికి 19, హ్యుందాయ్‌కి 21 మిల్లీమీటర్ల సాకెట్ చాలు. ఆ సాకెట్లు ఏ హార్డ్‌వేర్ కొట్టులోనైనా దొరుకుతాయి, బ్యాటరీతో నడిచే, నట్లు విప్పే గన్‌తో నాలుగు చక్రాలూ విప్పడం నిమిషాల మీది పని. లాక్ నట్టుకు మూలలు ఉండవు. దాని ముఖం మీద చెక్కిన వంకర గాడిలో సరిపోయే ప్రత్యేకమైన కీ ఉంటేనే అది తిరుగుతుంది. చక్రానికి ఒకటి చొప్పున వేస్తే చాలు. అయితే చవక రకాల మీద కొంచెం చిన్న సాకెట్‌ను సుత్తితో దిగగొట్టినా, ఎడమ మరల ఎక్స్‌ట్రాక్టర్ వాడినా ఊడి వస్తాయి. కాబట్టి గట్టిపరచిన ఉక్కుతో చేసి, పైన స్వేచ్ఛగా తిరిగే కాలర్ ఉన్న రకాన్నే ఎంచుకోవాలి. సాకెట్ దిగగొట్టి తిప్పితే ఆ కాలరే తిరుగుతుంది, నట్టు కదలదు. దాన్ని కూడా తీయగలిగినవారు లేకపోలేదు, కానీ ఆ పని చప్పుడు లేకుండా, తొందరగా కాదు. అదనపు ధర పెట్టడానికి అదే కారణం.

అంతకంటే ముఖ్యమైన విషయాన్ని ఆన్‌లైన్‌లో సెట్ తెప్పించుకునేవారు తరచుగా వదిలేస్తున్నారు. మర కొలత, నట్టు రిమ్ములో కూర్చునే అంచు ఆకారం, రెండూ కలవాలి. మారుతి స్టడ్ (నట్టు ఎక్కే మర కడ్డీ) 12 మిల్లీమీటర్లు, పిచ్, అంటే మరల మధ్య దూరం, 1.25, హ్యుందాయ్, హోండా, టయోటా కార్లలో సాధారణంగా అదే 12కి పిచ్ 1.5. ఒకదాని నట్టును మరొకదానికి బలవంతంగా ఎక్కిస్తే మొదటి రెండు చుట్లు తిరిగి, తరువాత స్టడ్ మరలన్నీ కొరుక్కుపోతాయి. ఫోక్స్‌వాగన్, స్కోడాలకు నట్లు ఉండవు, హబ్‌లోకి (చక్రం బిగించే ఇరుసు తలలోకి) దిగే 14 మిల్లీమీటర్ల బోల్టులు ఉంటాయి. కాబట్టి లాక్ బోల్టులే తీసుకోవాలి. ఇక అంచు సంగతి: హోండా, ఫోక్స్‌వాగన్ కంపెనీ రిమ్ములకు గోళాకారపు అంచు కావాలి, బయట కొనే అల్లాయ్‌లలో ఎక్కువ వాటికి శంకువు ఆకారపు అంచు కావాలి. ఇది కలవకపోయినా బిగింపు చేతికి గట్టిగానే అనిపిస్తుంది, కానీ ఆనవలసినంత మేర ఆనదు కనుక నడుస్తుండగా వదులవుతుంది. దొంగ తీసుకుపోయిన చక్రం డబ్బు నష్టంతో పోతుంది; హైవే మీద ఊడిన చక్రం అలా పోదు.

కీ విషయంలోనూ ఒక మాట చెప్పాలి. భద్రత కోసమని దాన్ని ఇంట్లో బీరువాలో పెట్టి, విజయవాడ దారిలో పంక్చరు పడినప్పుడు నిస్సహాయంగా నిలబడేవారు ఉన్నారు. కీ కారులోనే ఉండాలి, కానీ గ్లవ్ బాక్సులో కాదు. కోడ్ నంబరున్న కార్డు ఇంట్లో ఉండాలి, ఎందుకంటే కీ పోతే మరొకటి తెప్పించుకోవడానికి ఆ నంబరే ఆధారం. సర్వీసుకు ఇచ్చినప్పుడు లాక్ నట్టు మీద గన్ పెట్టవద్దని ముందే చెప్పాలి. గన్ దెబ్బకు కీ పళ్లు అరిగితే ఆ నట్టు యజమానికే తాళం వేసినట్టవుతుంది. బండి తిరిగి తీసుకునేటప్పుడు కీ వచ్చిందో లేదో అక్కడే చూసుకోవాలి. వర్క్‌షాపు బల్లల మీద అనాథలుగా మిగిలిపోయే వస్తువుల్లో దీనిదే మొదటి స్థానమని ఈ వృత్తిలో ఉన్నవారందరికీ తెలుసు.

అపోహ: పానా మీదెక్కి తొక్కి బిగిస్తే దొంగకు ఊడదు.

గన్ ఉన్న దొంగకు ఊడుతుంది, చేతిపానా ఉన్న యజమానికే ఊడదు. చిన్న, మధ్య తరహా కార్లకు కంపెనీలు చెప్పే బిగింపు చాలావరకు 85 నుంచి 130 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. కచ్చితమైన అంకె కారు మాన్యువల్‌లో చూసుకోవాలి. పరిమితి దాటితే స్టడ్ సాగి, ఏదో ఒక రోజు తెగుతుంది. బిగింపు అసమానంగా ఉంటే బ్రేక్ డిస్కు వంగి, బ్రేకు వేసినప్పుడు స్టీరింగు అదురుతుంది. నట్ల మీద ఎమ్‌సీల్ పూయడం, ఒక నట్టుకు వెల్డింగ్ చుక్క పెట్టించడం ఇదే కోవలోవి. వెల్డింగ్ వేడి స్టడ్ బలాన్ని తీసేస్తుంది కనుక దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ చేయించకూడదు. ప్లాస్టిక్ టోపీలు అందానికే.

గోడ పక్కగా పార్క్ చేయడం, ముందు చక్రాలు తిప్పి ఉంచడం, సీసీ కెమెరా: వీటిలో మొదటిది నిజంగా కొంత ఉపయోగపడుతుంది, ఎందుకంటే గోడవైపు పానా తిప్పే చోటుండదు. రెండవదాని వల్ల పెద్ద తేడా లేదు. కెమెరా దొంగతనాన్ని ఆపదు, తరువాత పోలీసులకు పనికొస్తుంది. సంక్రాంతికి హైదరాబాదు వదిలి ఊరికి వెళ్లేవారు మాత్రం కారును వీధిలో దుమ్ము పట్టేలా వదలకుండా, అపార్టుమెంటు లోపల ఏదైనా ఖాళీ చోటు అడిగి పెట్టుకోవాలి. రోజుల తరబడి కదలని కారుకు కాపలా లేదని ఆ దుమ్మే చెబుతుంది.

స్టెప్నీని అందరూ మరచిపోతారు. ఇన్నోవా క్రిస్టా, ఎర్టిగా వంటి వాటిలో అది వెనుక వైపు కారు కింద వేలాడుతుంది, థార్, జిమ్నీలలో వెనుక తలుపు మీదే ఉంటుంది. బయటికి కనిపించే స్టెప్నీకి కూడా లాక్ నట్టు వేయాలి. నాలుగు నట్ల సెట్ కొన్నవారు, మర కొలత చూసుకుని, ఐదవది విడిగా తీసుకోవాలి. కారు కింద ఉన్నదాన్ని గాలి పట్టించినప్పుడల్లా వంగి చూసుకోవాలి, లేకపోతే అది పోయిన సంగతి పంక్చరు పడిన రోజునే తెలుస్తుంది.

అపోహ: బీమా ఉంది, పోతే కొత్తవి వస్తాయి.

థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉన్నవారికి పైసా రాదు. ప్రైవేటు కారు ప్యాకేజీ పాలసీలో కారుతోపాటు దానిపై అమర్చి ఉన్న యాక్సెసరీల చోరీ కూడా వస్తుంది, కానీ చేతికందే మొత్తం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. టైర్లకు 50 శాతం తరుగుదల తీసేస్తారు. రిమ్ముకు కారు వయసును బట్టి కోత ఉంటుంది, మూడు నుంచి నాలుగేళ్ల కారుకు అది 25 శాతం. ఆపైన క్లెయిములో యజమానే తప్పనిసరిగా భరించాల్సిన మొత్తం 1500 సీసీ వరకు 1,000 రూపాయలు, అంతకు మించితే 2,000. ఐదేళ్లు క్లెయిము లేకుండా సంపాదించుకున్న 50 శాతం నో క్లెయిమ్ బోనస్ (ప్రీమియంలో తగ్గింపు) కూడా పోతుంది కాబట్టి, ఒక్క చక్రం పోయినప్పుడు లెక్క వేసుకున్నాకే క్లెయిముకు వెళ్లాలి. బయట వేయించిన అల్లాయ్‌లను పాలసీలో విలువతో నమోదు చేయించకపోతే వాటికి సొమ్ము రాదు. టైర్ ప్రొటెక్ట్ యాడ్ఆన్ తీసుకున్నవారు దాని మినహాయింపుల పేజీ చదవాలి: కారు పోకుండా టైరు ఒక్కటే పోతే వర్తించదన్న వాక్యం చాలా వాటిలో ఉంటుంది.

టైరు మీది నాలుగంకెలు, ఉదాహరణకు 2423, తయారైన వారం, సంవత్సరం మాత్రమే చెబుతాయి. ఆ వారం తయారైన వేల టైర్లకు అదే అంకె. ఒక్కో టైరుకు విడిగా ఉండే సీరియల్ నంబరును, దుకాణాల్లో స్టెన్సిల్ నంబరు అనేదాన్ని, వారంటీ కార్డుతో సహా ఫోటో తీసి ఉంచుకోవాలి. రిమ్ము లోపలి వైపు, టైరు అంచు కూర్చునే భాగాన్ని వదిలి, కారు నంబరును చెరగని పెయింటుతో రాయించుకోవడం మంచిది. చెక్కించడం వద్దు, అల్లాయ్‌లో పగులు ఆ గీత దగ్గరే మొదలు కావచ్చు. బిల్లు లేకుండా సగం ధరకు అల్లాయ్‌లు కొనేవారికి కూడా ఒక మాట: దొంగసొత్తని తెలిసి లేదా అలా అనుకోవడానికి కారణం ఉండి కొనడం 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 317వ సెక్షన్ కింద నేరం.

కారు ఇటుకల మీద కనిపిస్తే లోపలికి ఎక్కకూడదు, తలుపులు గట్టిగా లాగకూడదు; ఇటుక జారితే బ్రేక్ డిస్కు, కింది అంచు నేలకు తగులుతాయి. నాలుగు వైపులా, కింద కూడా ఫోటోలు తీసి, 112కు ఫోన్ చేసి, కారును కదిలించకముందే బీమా కంపెనీకి తెలపాలి. ఎలక్ట్రిక్ కారైతే ఇటుక బ్యాటరీ పెట్టె కింద పెట్టారేమో చూసుకుని, సర్వీసు సెంటర్ పరీక్షించేవరకు ఛార్జింగ్ పెట్టకూడదు. ఒక్క చక్రమే పోయినా మిగిలిన మూడింటి నట్లు కూడా సగం విప్పి వదిలేసి ఉండవచ్చు. వాటన్నిటినీ టార్క్ రెంచ్‌తో బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్లు నడిపాక మరోసారి చూపించుకోవాలి.