పాత బ్లాక్ కూల్చి గ్రీన్ బిల్డింగ్ కడితే లాభమేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

మొన్న ఒక కాలేజీలో మీటింగ్. నలభై ఏళ్ల నాటి అకడమిక్ బ్లాక్ కూల్చి అదే చోట కొత్తది కడతారట. ఆర్కిటెక్ట్ చూపించిన బొమ్మలు బాగున్నాయి. పైన సోలార్ ప్యానెళ్లు, గోడల మీద పచ్చని తీగలు. ప్రత్యామ్నాయాలు ఏం చూశారని అడిగాను. "కొత్తది ప్లాటినం రేటింగ్ సార్, ఇంక ప్రత్యామ్నాయం దేనికి?" అన్నారు. గ్రీన్ బిల్డింగులకు ఇచ్చే పై స్థాయి రేటింగ్ అన్నమాట. పద్దెనిమిదేళ్లుగా ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) పని చేస్తున్నాను. ఈ మాట విన్నన్నిసార్లు మా ఇంట్లో "అన్నం తిన్నావా" అన్న మాట కూడా విని ఉండను.

అపోహ: కొత్తది కరెంటు ఆదా చేస్తుంది కాబట్టి పాతది కూల్చడమే పర్యావరణానికి మంచిది.

ఆదా చేసే మాట నిజమే. కానీ తలుపులు తెరిచే రోజుకే కొత్త బిల్డింగ్ నెత్తిన అప్పు ఉంటుంది. సిమెంటు, స్టీలు, ఇటుకల తయారీలో వెలువడిన కార్బన్ అప్పటికే గాలిలో కలిసిపోయింది. పాత బ్లాక్ విషయంలో ఆ ఖర్చు ఎప్పుడో అయిపోయింది.

లెక్క వేసి చూద్దాం. నావి గుండ్రటి అంకెలు, మీ బిల్డింగ్‌కి మీవి వేసుకోండి. 10,000 చదరపు మీటర్ల బ్లాక్. ఆర్‌సీసీ నిర్మాణానికి చదరపు మీటరుకు 400 కిలోల కార్బన్ డయాక్సైడ్ అనుకుంటే మొత్తం 4,000 టన్నులు. పాతదానికంటే కొత్తది ఏడాదికి చదరపు మీటరుకు 30 యూనిట్లు తక్కువ వాడుతుందనుకుంటే 3 లక్షల యూనిట్లు మిగులుతాయి. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల చొప్పున అది 210 టన్నులు. అంటే పందొమ్మిదేళ్లలో అప్పు తీరుతుంది. "పర్లేదు కదా సార్, బిల్డింగ్ అరవై ఏళ్లుంటుంది" అంటారు.

మెలిక ఇక్కడే ఉంది. పోల్చింది దేనితో? ఏ రిపేరూ చేయకుండా వదిలేసిన పాత బ్లాక్‌తో. పోల్చాల్సింది బాగుచేసిన పాత బ్లాక్‌తో. 75 వాట్ల ఫ్యాన్లు తీసి తక్కువ కరెంటు తాగే 30 వాట్ల బీఎల్‌డీసీ మోటారువి పెట్టండి, ఎల్‌ఈడీలు వేయండి, టెర్రస్‌కి కూల్ రూఫ్ (ఎండను తిప్పికొట్టే పూత), పడమటి కిటికీలకు నీడ, పాత ఏసీలకు సెలవు. ఆ 30 యూనిట్లలో 20 ఇలాగే మిగిలాయనుకుందాం. రిపేర్ల సిమెంటు, స్టీలుకు 600 టన్నులు వేద్దాం. ఇప్పుడు కొత్తదాని అదనపు అప్పు 3,400 టన్నులు, అదనపు ఆదా ఏడాదికి 70 టన్నులే. తీరడానికి దాదాపు నలభై తొమ్మిదేళ్లు! గ్రిడ్‌లో సోలార్, విండ్ పెరిగేకొద్దీ ఆ 0.7 కూడా తగ్గుతుంది, గడువు ఇంకా సాగుతుంది. అన్నట్టు, గ్రీన్ రేటింగ్ కొత్తవాటికే ఇస్తారనుకోకండి. మన దేశంలో ఈ రేటింగ్‌లిచ్చే ఐజీబీసీ, గృహ (GRIHA) రెండింటిలోనూ పాత భవనాలకు విడిగా రేటింగ్‌లున్నాయి.

"పెచ్చులూడుతున్నాయి, పిల్లల మీద పడితే?" అని అడిగేవాళ్లను నేను తప్పుపట్టను. ఒక లేడీస్ హాస్టల్లో వార్డెన్ మేడమ్ వానాకాలం వస్తే పై అంతస్తు అమ్మాయిలందర్నీ కింద హాల్లో పడుకోబెట్టేవారు. తను కూడా వాళ్ల పక్కనే చాప వేసుకునేవారు. "రాత్రి చప్పుడైతే నాకు నిద్ర పట్టదండీ" అన్నారు. ఆ టెన్షన్ అబద్ధం కాదు. అయితే పెచ్చులూడటం అంటే చాలావరకు లోపలి చువ్వలు తుప్పుపట్టి ఉబ్బాయని అర్థం, భవనమంతా పోయిందని కాదు. రీబౌండ్ హామర్ (సుత్తితో తట్టి గట్టిదనం చూడటం), యూపీవీ (కాంక్రీటులోకి ధ్వని తరంగాలు పంపి చూడటం), కోర్ టెస్టు (చిన్న కాంక్రీటు ముక్క తొలిచి తీసి పరీక్షించడం) చేయిస్తే ఎక్కడ పోయిందో తెలుస్తుంది. ఆ హాస్టల్లో బాత్రూమ్‌ల వైపు స్లాబ్‌లోనే తేడా, కాలమ్‌లు నిక్షేపంగా ఉన్నాయి. టెస్టు రిపోర్టు వచ్చేసరికి కూల్చివేత టెండరు పిలిచేశారు! చివరికి ఆ స్లాబ్ వరకే కొట్టి మళ్లీ పోశారు. ఇంకోచోట కోర్‌లు మరీ బలహీనంగా వచ్చాయి, కూల్చమని నేనే రాశాను. నా గోలంతా టెస్టు ముందు, నిర్ణయం తర్వాత ఉండాలనే.

అహ్మదాబాద్ ఐఐఎం సంగతి చూడండి. అమెరికన్ ఆర్కిటెక్ట్ లూయీ కాన్ డిజైన్ చేసిన 18 డార్మిటరీల్లో 14 కూల్చాలని 2020 డిసెంబరులో అనుకున్నారు, గొడవయ్యాక 2021 జనవరి 1న వెనక్కి తగ్గారు. భద్రత కారణంగా 2022లో మళ్లీ పునర్నిర్మాణం మాటెత్తారు. అదే క్యాంపస్‌లో అలాంటి ఇటుకలతోనే కట్టిన లైబ్రరీని బాగుచేసినందుకు 2019లో యునెస్కో ఆసియా-పసిఫిక్ అవార్డు వచ్చింది. ఒకే ఆవరణలో రెండు దారులూ కనిపిస్తాయి.

అపోహ: స్థలం మనదే కాబట్టి ప్రత్యామ్నాయాలే లేవు. ఈ తప్పు నేనూ చేశాను. ఈఐఏ రిపోర్టులో ఐదో అధ్యాయం ప్రత్యామ్నాయాల విశ్లేషణ. నా మొదటి రిపోర్టులో దాన్ని ఆఖరి రాత్రి ఒకటిన్నర పేజీలో ముగించాను: "స్థలం సంస్థదే, వేరే స్థలం పరిశీలించలేదు." ఎవరూ అడగలేదు కూడా. సగం కూల్చడం, పైన ఒక అంతస్తు వేయడం, దశలవారీగా కట్టడం, టైమ్‌టేబుల్ మార్చి ఖాళీ గదులు వాడుకోవడం, ఇవన్నీ ప్రత్యామ్నాయాలే.

అపోహ: ఏమీ చేయకపోతే ఏ ప్రభావమూ ఉండదు. లీకయ్యే పైపులు, పాత జనరేటర్ పొగ ఎవరి ఖాతాలో రాస్తారు?

అపోహ: మార్కుల పట్టిక తేల్చేస్తుంది. నీరు, గాలి, ఖర్చు లాంటి ఒక్కో అంశానికి ఇంత ప్రాధాన్యమని వెయిటేజీ వేసి ప్రత్యామ్నాయాలకు మార్కులిచ్చే పట్టిక అది. వెయిటేజీలు ఎవరు వేశారో చూడండి. ఫలితం నచ్చక, నీటికిచ్చిన 20ని 5 చేయమని నన్ను అడిగినవాళ్లున్నారు.

అపోహ: ఒక చెట్టుకు పది మొక్కలు, లెక్క సరి. కాదు. ముప్పై ఏళ్ల వేపచెట్టు నీడ రేపటికి రాదు.

అపోహ: కాలేజీలకు పర్యావరణ అనుమతి అక్కర్లేదు. విద్యాసంస్థలకు ఇచ్చిన మినహాయింపును సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 5న కొట్టేసింది. నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు, లేదా అంతకు మించితే అనుమతి తీసుకోవాల్సిందే. వాట్సాప్‌లో తిరిగే పాత సర్క్యులర్లు నాకు పంపకండి.

చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఒక మాట. భవన నిర్మాణాలకు ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు, ఎవరో మిమ్మల్ని పిలుస్తారని ఎదురుచూడకండి. పర్యావరణ అనుమతి అప్లికేషన్ కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్లో ఉంటుంది. ఫారం-1 తెరిచి, పాత బ్లాక్‌ను బాగుచేసే దారి పరిశీలించారో లేదో చూడండి. లేకపోతే ఎందుకు లేదని, అనుమతిచ్చే రాష్ట్ర పర్యావరణ అథారిటీని రాతపూర్వకంగా అడగండి.

మొన్నటి కాలేజీవాళ్లు కోర్ టెస్టుకు ఒప్పుకున్నారు. రిపోర్టు ఇంకా రాలేదు.