చుక్కల కళ్ల ఈగ

డాబా మీద కొత్తిమీర పూతకొచ్చాక నాకు పీకబుద్ధి కాదు. ఎండ కాస్త ఎక్కగానే ఆ తెల్లటి పూల మీదికి ఓ గుంపు చేరుతుంది. పొట్ట మీద పసుపూ నలుపూ చారలు, జుమ్మని మోత. బట్టలు ఆరేయడానికి వచ్చిన అమ్మ ప్రతిసారీ "తేనెటీగలురా, చెయ్యి పెట్టకు" అంటుంది. వాటిలో చాలా వరకు తేనెటీగలు కావు, ఈగలు. వాటికి కుట్టే ముల్లే ఉండదు.

వీటిని హోవర్‌ఫ్లైలు అంటారు. ఆ కుటుంబంలో తేనెటీగ వేషం కట్టిన ప్రజాతులు (దగ్గరి జాతుల గుంపులు) చాలా ఉన్నాయి. మా కొత్తిమీర మీదికి వచ్చేది ఎరిస్టాలినస్. ఇటలీ కీటక శాస్త్రవేత్త రొండానీ 1845లో పెట్టిన పేరు ఇది. ఒకసారి కుట్టించుకున్న పిట్ట మళ్లీ తేనెటీగ జోలికి వెళ్లడానికి జంకుతుంది. ఆ జంకే ఈ ఈగకు రక్ష.

ఈగకు రెండు రెక్కలు, తేనెటీగకు నాలుగు అని పుస్తకాల్లో ఉంటుంది. నిజమే కానీ, తేనెటీగ ముందు రెక్క, వెనక రెక్క సన్నటి కొక్కేలతో కలిసిపోయి ఒకటిగా కనిపిస్తాయి. పువ్వు దగ్గర నిలబడి లెక్కపెట్టడం కష్టం. మొహం చూడటమే సులువు. తేనెటీగ మీసాలు పొడుగ్గా, మోచేయి మడిచినట్టు వంగి ఉంటాయి. ఈగవి మరీ పొట్టి, నూకగింజల్లా ఉంటాయి. తేనెటీగ వెనక్కాళ్లకు పుప్పొడి ముద్దలు అంటుకుని కనిపిస్తాయి, ఈగకు ఆ ముద్దలుండవు.

ఇంక కళ్లు. నేను వీటి కోసమే వంగి చూస్తాను. తలంతా కళ్లే అనిపించేంత పెద్దవి. లేత రంగు గాజు మీద సిరా చిలకరించినట్టు నల్లటి చుక్కలు. కొన్ని జాతుల్లో చుక్కలకు బదులు పట్టీలుంటాయి. అనుమానం తీరకపోతే రెక్క చూడాలి. పొడవునా సాగే ఈనెల్లో ఒకటి మధ్యలో లోతుగా వంగి, పల్లంలోకి దిగి మళ్లీ పైకెక్కిన దారిలా ఉంటుంది. దీని దగ్గరి చుట్టం ఎరిస్టాలిస్ రెక్కలోనూ ఆ వంపు ఉంటుంది కానీ, కళ్ల మీద ఈ చుక్కలుండవు.

ఆ చుట్టానికి ఓ పాత కథ ఉంది. చచ్చిన ఎద్దు కళేబరంలోంచి తేనెటీగలు పుడతాయని ప్రాచీన గ్రీకులు, రోమన్లు నమ్మారు. వాళ్లు చూసింది ఎరిస్టాలిస్ ఈగలనే అని 1894లో ఓస్టెన్ సాకెన్ అనే శాస్త్రవేత్త వాదించాడు. ఈ రెండు ప్రజాతుల పిల్లపురుగులూ కుళ్లిన మురికినీళ్లలోనే పెరుగుతాయి. ఒంటికి తోకలా పొడవాటి గొట్టం ఉంటుంది. నీటి లోతును బట్టి దాన్ని సాగదీసి, కొస పైకి పెట్టి గాలి పీలుస్తాయి. అలాంటి నీళ్లలోంచి వచ్చిన ఈగ నేరుగా పూల దగ్గరికి వెళ్లి తేనె తాగుతుంది, పుప్పొడి మోస్తుంది. మామిడి పూతకు ఈగల సాయం చాలా అవసరం. పూత మీద పురుగుమందు కొడితే ఇవీ పోతాయని ఆలోచించే రైతులు ఇంకా పెరగాలి.

మొన్న ఫోన్‌లో ఒకదాని ఫొటో తీసి, కళ్లు పెద్దవి చేసి అమ్మకు చూపించాను. కళ్లజోడు సవరించుకుని కాసేపు చూసింది. "ముగ్గు చుక్కల్లా ఉన్నాయే" అంది. తర్వాత కొత్తిమీర దగ్గరున్న తీగ మీదే చీర ఆరేసింది.