తేలే బ్రేక్‌వాటర్: అలకు అడ్డమే గానీ ఉప్పెనకు కాదు

అంతర్వేది దగ్గరో ఉప్పాడ దగ్గరో ఒడ్డు కోసుకుపోయిందని వార్త వచ్చినప్పుడల్లా “రాళ్లెందుకు, తేలే బ్రేక్‌వాటర్ వేసేస్తే పోలా?” అనే మాట మొదలవుతుంది. ఒడ్డు వైపు వచ్చే అలల జోరు తగ్గించడానికి నీటి మీద తేలేలా కట్టే అడ్డుకట్ట ఇది. వస్తువు మంచిదే. రేవులో పంటు ఎక్కినవాళ్లకు కొత్తగా కూడా అనిపించదు. లోపల థర్మోకోల్ దిమ్మ, చుట్టూ కాంక్రీటు పెంకు, అలాంటి పెట్టెలు వరసగా తగిలించి, గొలుసులతో అడుక్కి లంగరు వేస్తారు. చిక్కంతా ఎక్కడ వేస్తున్నామన్న దగ్గరే వస్తుంది.

అపోహ: ఉప్పెనను, ముంపును ఆపుతుంది.

ఆపదు. ఉప్పెన అంటే పెద్ద అల కాదు. తుఫాను గాలి నీటిని తీరం మీదికి తోసి, సముద్రమట్టాన్నే గంటల తరబడి ఎత్తి నిలబెడుతుంది. 1977లో దివిసీమను ముంచింది సుమారు 5 మీటర్ల ఉప్పెన. మట్టం లేస్తే తేలేది కూడా దానితోపాటే లేస్తుంది, నీళ్లు కిందనుంచి దర్జాగా వెళ్లిపోతాయి. ముంపుకు మందు వేరే ఉంది: ఏటిగట్టు తగిన ఎత్తులో ఉండాలి, మురుగు కాలువల మొగలు పూడకుండా చూడాలి, కాలువ మొగలో నీటిని ఆపే స్లూయిజు తలుపులు పోటు వేళ బిగుతుగా మూసుకోవాలి. తలుపు సందులో గుర్రపుడెక్క ఇరుక్కుంటే చాలు, ఉప్పునీరు చేలల్లోకి ఎదురెక్కుతుంది. బ్రేక్‌వాటర్‌కు అడిగే డబ్బులో చిన్న ముక్క ఆ తలుపుల మీద పెడితే ఎక్కువ ఫలితం ఉంటుందని మా అభిప్రాయం.

అపోహ: అల ఎంత ఎత్తుంటే దానికి తగ్గట్టు కొలత తీసుకుంటే చాలు.

ఎత్తు కంటే ముందు చూడాల్సింది అలకూ అలకూ మధ్య సమయం. రేవులో పాతిన గుంజ ఒకటి చూసుకోండి. దాన్ని ఒక అల శిఖరం తాకగానే స్టాప్‌వాచ్ నొక్కి, సున్నా అనుకోండి. తర్వాతి శిఖరం ఒకటి. పదో శిఖరం తాకినప్పుడు ఆపి, వచ్చిన సెకన్లను పదితో భాగించండి. ఇలా కనీసం పదిసార్లు కొలవండి, నైరుతి గాలికి ఒక విడత, ఈశాన్య గాలికి ఒక విడత.

లోతు నీటిలో అల పొడవు మీటర్లలో కావాలంటే ఆ సెకన్లను వర్గం చేసి 1.56తో హెచ్చించాలి. 3 సెకన్ల అలకు 14 మీటర్లు, 4 సెకన్లకు 25. ఎత్తు సగానికి తగ్గాలంటే పెట్టె వెడల్పు అల పొడవులో మూడో వంతు నుంచి సగం దాకా ఉండాలి. అంటే 3 సెకన్ల అలకు 5 నుంచి 7 మీటర్లు. చేయగలిగిన పనే.

ఇక చాటు లేని బయటి సముద్రం సంగతి. మన తీరాన్ని నైరుతి రుతుపవనంలో కొట్టే ఉబ్బు అలలకు (దూరపు గాలులకు పుట్టి వచ్చే పొడవాటి అలలు) అలకూ అలకూ మధ్య 8 నుంచి 10 సెకన్లు పడుతుంది. 8 సెకన్ల అల 4 మీటర్ల లోతుకు వచ్చేసరికి కుంచించుకుపోయినా ఇంకా 48 మీటర్ల పొడవుంటుంది. దానికి 16 నుంచి 24 మీటర్ల వెడల్పు పెట్టె కావాలి. పైగా లోతు తక్కువైన చోట అల కదలిక పైపైనే ఉండదు, నేల దాకా ఉంటుంది. తేలే పెట్టె కిందనుంచి దూరిపోతుంది.

సముద్రంలో వేసినవి లేవా అంటే ఉన్నాయి. మొనాకోలో 2002లో అమర్చినది 352 మీటర్ల పొడవు, 28 మీటర్ల వెడల్పు, లక్షా అరవై వేల టన్నుల పైచిలుకు. 1944 జూన్‌లో నార్మండీ ఒడ్డున మిత్రదేశాలు వేసిన బాంబార్డన్లు అనే తేలే ఉక్కు దిమ్మెలు, అనుకున్న దానికంటే పెద్ద తుఫాను రాగానే గొలుసులు తెంపుకుని కొట్టుకుపోయాయి. ఉప్పాడ ఎదురుగా చిన్న పెట్టెలు వరసగా కడితే రెండో కథే జరుగుతుంది. వీటికి సరైన చోటు ఉప్పుటేర్లు, హోప్ ఐలాండ్ చాటున ఉన్న కాకినాడ అఖాతం లోపలి రేవులు, అల మీటరు దాటని జెట్టీలు.

అపోహ: “75 శాతం శక్తిని ఆపుతుంది” అంటే అల దాదాపు పోయినట్టే.

అల శక్తి ఎత్తు వర్గాన్ని బట్టి ఉంటుంది. 75 శాతం శక్తి ఆగిందంటే ఎత్తు సగమే తగ్గిందన్నమాట. మీటరు అల అరమీటరుగా అవతలికి వస్తుంది. కొటేషన్‌లో శాతం కనబడితే అది శక్తిదా, ఎత్తుదా అని అడగండి.

అపోహ: పెద్ద కాంక్రీటు దిమ్మ వేస్తే లంగరు కదలదు.

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. టన్ను కాంక్రీటు దిమ్మ సముద్రపు నీటిలో తూగేది 570 కిలోలే. పక్కకు లాగితే ఆపేది అందులోనూ సగం, ఏ 280 కిలోలో. గోదావరి వశిష్ఠ పాయలో ప్రవాహానికి అడ్డంగా 20 మీటర్ల పెట్టెల వరస, నీటిలో మీటరు మునక, ప్రవాహం సెకనుకు 2 మీటర్లు అనుకుంటే లాగుడు దాదాపు 5 టన్నులు. దాన్ని దిమ్మ బరువుతోనే ఆపాలంటే ఎగువ వైపు దాదాపు 18 టన్నుల కాంక్రీటు కావాలి. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక అంటే 17 లక్షల క్యూసెక్కులు. ఆ రోజుల్లో ప్రవాహ వేగం రెట్టింపైతే లాగుడు నాలుగింతలు. ఎగువనుంచి కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క పెట్టెల ముందు చాపలా పేరుకుంటే లెక్క ఇంకా పెరుగుతుంది. అందుకే ఏటిలో దిమ్మలు నమ్ముకోకుండా నేలలో దిగ్గొట్టిన స్తంభానికి (పైలుకు) రింగు తగిలించి, పెట్టె పైకీ కిందికీ జారేలా చేయడం మేలు. మెత్తటి బురద నేలలో మర లాగా తిప్పి దించే స్క్రూ లంగర్లు కూడా బాగానే పట్టుకుంటాయి.

గొలుసు పొడవు కొలిచేటప్పుడు పాటు (నీరు వెనక్కి తగ్గిన వేళ) నాటి లోతు చూసి సరిపెట్టేస్తారు. 3 మీటర్ల లోతుకు పోటు ఒకటిన్నర, ఉప్పెన 3 కలిపితే ఏడున్నర. గొలుసు ఈ ఏడున్నరకు చాలాలి. చాలకపోతే నీరు లేచినప్పుడు పెట్టె మూలను గొలుసు కిందికి గుంజుతుంది, పెంకు పగిలేది అప్పుడే.

అపోహ: తేలుతుంది కాబట్టి ఇసుక, ఒండ్రు మేట సమస్య రాదు.

అల తగ్గిన చోట ఒండ్రు దిగక తప్పదు. పెట్టెల వెనక నేల మెల్లగా లేస్తుంది, చివరికి పాటు వేళ పెట్టె బురద మీద కూర్చుంటుంది. పోటు తిరిగాక ఒక మూల ముందు లేస్తుంది, రెండో మూలను బురద పట్టుకునే ఉంటుంది. ఆ మెలికకు పెట్టెల మధ్య రబ్బరు కీలు చిరుగుతుంది. పాటులో కూడా అడుగు కింద మీటరు నీరు మిగిలే చోటే చూసుకోవాలి.

అపోహ: పాత లారీ టైర్లు, ఖాళీ డ్రమ్ములు కట్టినా అదే పని చేస్తాయి.

ఒక సీజన్ చేస్తాయి. టైరులో చిక్కుకున్న గాలి తరిగిపోతుంది, లోపల బురద చేరుతుంది, పైన ఆల్చిప్పలు బరువెక్కుతాయి, ఇనుప తీగ తుప్పు పట్టి తెగుతుంది. తర్వాత ఆ టైర్లు చేరేది వలల్లోకే.

అపోహ: మడ మొక్కలు నాటితే ఇవేవీ అక్కర్లేదు.

వంద మీటర్ల మడ అడవి అల ఎత్తును 13 నుంచి 66 శాతం దాకా తగ్గిస్తుంది. ఉప్పెన మట్టాన్ని మాత్రం కిలోమీటరుకు కొన్ని అంగుళాల నుంచి అరమీటరు లోపే. కోరంగి అడవి అంత వెడల్పుంటే అది లెక్కకొస్తుంది, గట్టు పక్కన రెండు వరసలు నాటితే రాదు. అలలు నేరుగా కొట్టే ఇసుక ఒడ్డున మొక్క నిలవదు కూడా. ఒండ్రు దిగే ఉప్పుటేటి అంచునే నాటాలి.

అపోహ: ఒకసారి వేస్తే ఇక చూడనక్కర్లేదు.

ఆరు నెలలకోసారి నీటిలోకి మనిషిని దించండి. గొలుసు నేలను తాకుతూ లేస్తూ ఉండే నాలుగైదు లింకులే ముందు అరుగుతాయి. కాలిపర్‌తో కొలిచి, పదో వంతు అరిగి ఉంటే మార్చేయండి. గాల్వనైజ్డ్ (జింకు పూత వేసిన) గొలుసుకు స్టెయిన్‌లెస్ షాకిల్ (గొలుసును కలిపే, పిన్ను ఉన్న U ఆకారపు కొక్కెం) వేస్తే పక్క లింకు జింకు పూత తొందరగా తినేస్తుంది, రెండూ ఒకే రకం ఉండాలి. షాకిల్ పిన్నుకు తీగ చుట్టి కట్టారో లేదో కూడా అప్పుడే చూడాలి. కట్టకపోతే అలల ఊపుకు పిన్ను తనంతట తనే మర తిరిగి ఊడిపోతుంది.