తేదీలన్నీ సరే, జవాబేది?

పిల్లలూ,

"తేదీలన్నీ సరిగ్గానే రాశాను. పేర్లలో ఒక్క తప్పూ లేదు. నాలుగు పేజీలు నింపాను. అయినా 20కి 9 మార్కులే ఎందుకొచ్చాయి?" అని మీలో ఒకమ్మాయి అడిగింది. వ్యాసం కూడా జత చేసి పంపింది. ప్రశ్న మొదటి ప్రపంచ యుద్ధం గురించి: "1914లో యుద్ధం రావడానికి ఐరోపా దేశాల కూటములే ప్రధాన కారణమని ఎంతవరకు చెప్పవచ్చు?" జవాబులో 1879 నుంచి 1914 దాకా జరిగినవన్నీ వరసగా ఉన్నాయి. కూటములు ప్రధాన కారణమని ఆ అమ్మాయి అనుకుంటోందా లేదా అన్నది మాత్రం చివరి పేజీ దాకా చదివినా తేలలేదు. చరిత్ర వ్యాసాల్లో మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే. అందుకే ఈ ఉత్తరం అందరికీ కలిపి రాస్తున్నాను.

ఒక పాత గోడ కూలిందనుకోండి. ఎందుకు కూలిందని అడిగితే ఒకాయన ఇలా మొదలుపెడతాడు: "సాయంత్రం మబ్బు పట్టింది, రాత్రికి వాన అందుకుంది, ఆ తర్వాత గాలి లేచింది, తెల్లవారుజామున పెద్ద చప్పుడైంది." అన్నీ నిజాలే. కానీ అదే వాన పక్క గోడ మీదా పడింది, అది చెక్కుచెదరలేదు. మరి దీనికేమొచ్చింది? పునాది లోతు చాలలేదా? ఏళ్ల తరబడి చెమ్మ దిగి అడుగు మెత్తబడిందా? పగుల్లో మొక్క మొలిచి వేరు లోపలికి పోయిందా? వీటిలో ఏది లేకపోతే గోడ నిలిచేది? మొదటాయన చెప్పింది కథనం. రెండో రకం ప్రశ్నలు వేసుకుని జవాబు వెతికితే అది విశ్లేషణ. మీ ప్రశ్నపత్రం అడిగేది రెండోదాన్ని.

1914 సంగతికి వద్దాం. జూన్ 28న సరాయెవోలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌ను గవ్రీలో ప్రిన్సిప్ అనే బోస్నియా సెర్బు యువకుడు కాల్చి చంపాడు. అది ఆ రాత్రి వాన. అయితే అంతకుముందూ వానలు పడ్డాయి. 1908లో ఆస్ట్రియా బోస్నియాను కలిపేసుకున్నప్పుడు గొడవైంది. 1912-13 బాల్కన్ యుద్ధాలప్పుడు ఆస్ట్రియా, రష్యా సరిహద్దుల్లో సైన్యాన్ని పెంచి, మళ్లీ తగ్గించుకున్నాయి. కూటములు అప్పుడూ ఉన్నాయి, గోడ నిలిచింది. కాబట్టి "కూటముల వల్లే" అని రాసేవాళ్లు 1912లో లేనిది 1914లో ఏముందో చెప్పాలి. జులై 5, 6 తేదీల్లో జర్మనీ ఆస్ట్రియాకు బేషరతుగా అండ ఉంటానని మాటిచ్చింది. హత్య వెనక సెర్బియా ఉందంటూ జులై 23న ఆస్ట్రియా ఆ దేశానికి 48 గంటల గడువుతో అల్టిమేటం, అంటే ఆఖరి హెచ్చరిక, ఇచ్చింది. జవాబు కోసం తవ్వాల్సింది ఇలాంటి చోట.

ఇప్పుడు ఒక పేరాను దగ్గరగా చూద్దాం. ఆ అమ్మాయి రాసిన పద్ధతి ఇది:

"1879లో జర్మనీ, ఆస్ట్రియా-హంగరీ ఒప్పందం చేసుకున్నాయి. 1882లో ఇటలీ చేరింది. 1894లో ఫ్రాన్స్, రష్యా కలిశాయి. 1904లో ఫ్రాన్స్‌తో, 1907లో రష్యాతో బ్రిటన్ అవగాహనకు వచ్చింది. ఇలా ఐరోపా రెండుగా చీలింది."

అదే విషయాన్ని ఇలా రాయొచ్చు:

"స్థానిక తగాదా పెద్దది కావడానికి కూటములు వీలు కల్పించాయి గానీ, యుద్ధాన్ని తప్పనిసరి చేయలేదు. 1882 నుంచి జర్మనీ పక్షాన ఉన్న ఇటలీ 1914 ఆగస్టులో తటస్థంగా ఉండిపోయి, 1915 మేలో అవతలి పక్షాన దిగింది. 1904, 1907 ఒప్పందాల్లో ఎక్కడా యుద్ధం చేసి తీరాలన్న షరతు లేకపోయినా, జర్మనీ సైన్యం బెల్జియంలో అడుగుపెట్టాక బ్రిటన్ ఆగస్టు 4న యుద్ధంలోకి వచ్చింది. అందువల్ల ఒప్పందాల కంటే 1914 జులై, ఆగస్టుల్లో ప్రభుత్వాలు తీసుకున్న నిర్ణయాలకే ఎక్కువ బరువు ఇవ్వాలి."

రెండింటిలోనూ తేదీలున్నాయి. రెండో పేరా మొదటి వాక్యంలో ఒక వాదన ఉంది. మధ్యలో ఉన్నవి దాన్ని నిలబెట్టే ఆధారాలు. చివరి వాక్యం మళ్లీ ప్రశ్న దగ్గరికి వచ్చింది. పేరా తేదీతో మొదలైందంటే, నూటికి తొంభైపాళ్లు అది కథ చెప్పబోతోందన్నమాట. "ఆ తర్వాత" అని రాయబోతున్నప్పుడల్లా ఆగి, అక్కడ "అందువల్ల" గానీ "అయినప్పటికీ" గానీ పెట్టగలరేమో చూడండి. పెట్టలేకపోతే ఆ రెండు సంఘటనలకూ సంబంధమేమిటో మీకింకా తేలలేదని అర్థం.

రాయడానికి గంట ఉంటే మొదటి పది నిమిషాలూ కలం జవాబు కాగితం మీద పెట్టకండి. ప్రశ్నలో మూడింటి కింద గీత గీయండి: ఏం చేయమన్నారు, ఏ కాలం వరకు, ఏ వాదనను పరీక్షించమన్నారు. "ఎంతవరకు" అని అడిగితే "కొంతవరకు నిజం, కొంతవరకు కాదు" అన్నది జవాబు కాదు. ఏ మేరకు నిజమో, ఏ చోట నిలవదో చెప్పాలి. తర్వాత మీ జవాబును రెండు వాక్యాల్లో చిత్తుకాగితం మీద రాయండి. అలా రాయలేకపోతే వ్యాసం మొదలుపెట్టే సమయం ఇంకా రాలేదు. వెయ్యి పదాల వ్యాసమైతే ఉపోద్ఘాతానికి వంద, ఒక్కొక్కటి 200 పదాల పేరాలు నాలుగు, ముగింపుకి మిగతా వంద. "మానవుడు పుట్టినప్పటి నుంచీ యుద్ధాలు జరుగుతూనే ఉన్నాయి" అని మొదలుపెడితే ఆ వందలో పాతిక అక్కడే వృథా. ఆ రెండు వాక్యాల జవాబును ఉపోద్ఘాతంలోనే పెట్టేయండి. ఆఖర్న చెబుదామని దాచుకుంటే చదివేవాళ్లకు దారి తెలియదు.

ఇక గోడ దగ్గర చేరినవాళ్ల మాటలు వినండి. ఇంటి యజమాని మేస్త్రీని తిడతాడు. మేస్త్రీ వానను తిడతాడు. పక్కింటాయన తన కాలువ గురించి నోరు మెదపడు. ఎవరి మాటనూ పూర్తిగా కొట్టేయనక్కర్లేదు, కానీ ఎవరు, ఎప్పుడు, ఎందుకు చెబుతున్నారో చూడాలి. 1914లో ప్రభుత్వాలూ ఇదే పని చేశాయి. తప్పు తమది కాదని చూపించుకోవడానికి జర్మనీ తెల్ల పుస్తకం, బ్రిటన్ నీలి పుస్తకం, ఫ్రాన్స్ పసుపు పుస్తకం అని దౌత్యపత్రాలు అచ్చువేశాయి. ఫ్రాన్స్ పుస్తకంలో రష్యా సైన్య సమీకరణ (యుద్ధానికి సైన్యాన్ని సిద్ధం చేయడం) గురించిన టెలిగ్రాంను మార్చి వేశారు. ఆ పుస్తకం పనికిరానిదని కాదు. ఏం జరిగిందో తెలుసుకోవడం కంటే, ఫ్రాన్స్ లోకానికి ఏం చూపించాలనుకుందో తెలుసుకోవడానికి అది గట్టి ఆధారం.

ఆధారం తేదీ దగ్గర మరీ జాగ్రత్తగా ఉండాలి. జర్మనీ యుద్ధ లక్ష్యాల జాబితా ఒకటుంది, దాన్ని సెప్టెంబర్ పథకం అంటారు. ఫ్రిట్జ్ ఫిషర్ అనే జర్మన్ చరిత్రకారుడు 1961లో జర్మనీ బాధ్యత పెద్దదని వాదిస్తూ దానికి చాలా ప్రాముఖ్యం ఇచ్చాడు. దాని మీద ఉన్న తేదీ 1914 సెప్టెంబర్ 9. అప్పటికి యుద్ధం మొదలై నెల దాటింది. యుద్ధంలో దిగాక ఏం కోరుకున్నారో అది చెబుతుంది. దిగక ముందూ అదే కోరుకున్నారని నిరూపించడానికి వేరే ఆధారం కావాలి. "ఫిషర్ ఇలా అన్నాడు, ఇంకొకరు అలా అన్నారు" అని వరసపెట్టి ఊరుకోకుండా, ఎవరి వాదన ఏ కాగితం మీద నిలబడిందో చూసి, మీరు ఎటువైపో చెప్పాలి.

"జర్మనీ అనుకుంది", "రష్యా భయపడింది" అని రాసేటప్పుడు, జర్మనీలో ఎవరు అని మిమ్మల్ని మీరే ఒక్కసారి అడగండి. అల్టిమేటంకు సెర్బియా ఇచ్చిన జవాబు చదివిన కైజర్, అంటే జర్మనీ చక్రవర్తి, జులై 28 ఉదయం, ఇక యుద్ధానికి కారణమే లేదని రాశాడు. ఆ రోజే ఆస్ట్రియా సెర్బియా మీద యుద్ధం ప్రకటించింది. జులై 30న ఛాన్సలర్ బెత్‌మన్ హోల్వెగ్ ఆస్ట్రియాను రాజీ ప్రయత్నాలకు ఒప్పుకోమంటుంటే, సైన్యాధిపతి మోల్ట్కే వెంటనే సైన్యాన్ని సమీకరించమని అదే ఆస్ట్రియాకు కబురు పంపాడు. ఒకే దేశం, రెండు మాటలు. ఎంత ఆశ్చర్యంగా ఉంటుందో చూడండి! "జర్మనీ" అన్న ఒక్క మాటతో సరిపెడితే ఇదంతా కనబడకుండా పోతుంది.

గోడ కూలాక పగుళ్లు అందరికీ కనిపిస్తాయి, "అది పడుతుందని నాకు ముందే తెలుసు" అనేవాళ్లకు కొదవుండదు. "యుద్ధం అనివార్యం" అన్న వాక్యం అలాంటిదే. 1914 జులైలో ఉన్నవాళ్లకు ఆగస్టు తెలియదు. వాళ్ల ముందున్న దారులేమిటో, ఏది ఎందుకు వదిలేశారో రాయండి.

మీ వాదనకు అడ్డొచ్చే ఆధారాన్ని దాచొద్దు. కూటములే కారణమని మీరు నమ్మితే ఇటలీ సంగతి మీరే ఎత్తి, దానికి సమాధానం చెప్పండి. అది మార్కుల కోసం చేసే పని మాత్రమే కాదు, చచ్చిపోయినవాళ్ల గురించి రాస్తున్నప్పుడు పాటించాల్సిన నిజాయితీ. వాళ్లు లేచివచ్చి మనల్ని సరిదిద్దలేరు.

ముగింపులో కొత్త సంగతులు తేవొద్దు. "ఈ కారణాలన్నీ కలిసి యుద్ధానికి దారితీశాయి" అన్నది తప్పించుకోవడం. ఏది పెద్దది, ఏది దానికి తోడైంది, ఏది లేకపోయినా యుద్ధం వచ్చేది అన్న వరస తేల్చి ఆపేయండి.

ఈ ఆదివారం మీ పాత వ్యాసం ఒకటి బయటికి తీయండి. ప్రతి పేరాలో మొదటి వాక్యాన్ని మాత్రమే వేరే కాగితం మీద ఎత్తి రాయండి. ప్రశ్న తెలియనివాళ్ల చేతికి ఆ కాగితం ఇచ్చి, అసలు ప్రశ్న ఏమై ఉంటుందో ఊహించమనండి. వాళ్లు చెప్పింది ప్రశ్నకు దగ్గరగా లేకపోతే, ఏ వాక్యం దగ్గర దారి తప్పారో అడిగి, ముందు ఆ పేరా తిరగరాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య