గర్భాశయ లోపలి పొరలో రక్తనాళాల పెరుగుదల: అపోహలు - వాస్తవాలు

అపోహ: పెద్దవారి శరీరంలో కొత్త రక్తనాళాలు పుడుతున్నాయంటే గాయమో, కణితో ఉన్నట్టే.

వాస్తవం: కణితులు పెరగడానికి కొత్త రక్తనాళాలు అవసరమని అమెరికన్ శస్త్రవైద్యుడు జూడా ఫోక్‌మన్ 1971లో ప్రతిపాదించినప్పటి నుంచి ఈ విషయం ఎక్కువగా క్యాన్సర్ సందర్భంలోనే వినిపిస్తోంది. అయితే ఏ రోగమూ లేని స్త్రీలో కూడా గర్భాశయ లోపలి పొర, అంటే ఎండోమెట్రియం, ప్రతి నెలసరిలో పైభాగాన్ని విడిచిపెట్టి, అడుగున మిగిలిన భాగం నుంచి రక్తనాళాలతో సహా మళ్లీ పెరుగుతుంది. మచ్చ కూడా మిగలదు.

అపోహ: అంతా ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ చేతిలోనే ఉంది, అది పెరిగితే నాళాలు పెరుగుతాయి, తగ్గితే ఆగిపోతాయి.

వాస్తవం: మా రంగంలో పనిచేసేవారు సైతం కొన్నిసార్లు ఇంత సులువుగా చెప్పేస్తుంటారు కాబట్టి దీన్ని కాస్త వివరించాలి. ఈస్ట్రోజెన్ ఈ పొరలోని కణాల చేత వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను ఎక్కువగా తయారు చేయిస్తుందని, ఆ ప్రోటీన్ రక్తనాళాల లోగోడ కణాలను విభజన వైపు నడిపిస్తుందని అనడం నిజమే. కానీ నెలసరి రోజుల్లో, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లు రెండూ అట్టడుగున ఉన్నప్పుడే, మరమ్మతు మొదలవుతుంది. ప్రొజెస్టిరాన్ పడిపోగానే ఈ పొరకు రక్తాన్ని అందించే మెలికల నాళాలు, అంటే సర్పిల ధమనులు, బిగుసుకుంటాయి (కోతి కంటి ముందు గదిలో ఈ పొర ముక్కను నాటి, ఆ బిగింపును కళ్లారా గమనించిన పరిశోధకుడు మార్కీ ఆ వివరాలను 1940లో ప్రచురించారు). దాంతో కణజాలానికి ఆక్సిజన్ తగ్గుతుంది. ఆ కొరతను పసిగట్టే హిఫ్-1 అనే ప్రోటీన్ చురుకై వీఈజీఎఫ్‌ను పెంచుతుంది. నెలసరిలో అధిక రక్తస్రావం అయ్యే స్త్రీలలో ఈ హిఫ్-1 స్పందన బలహీనంగా ఉంటున్నట్టు పరిశోధనల్లో కనబడింది.

వీఈజీఎఫ్ కూడా ఒంటరిగా ఏదీ నిర్ణయించదు. యాంజియోపొయిటిన్-2 అనే మరో ప్రోటీన్ నాళాల గోడల పట్టును సడలిస్తుంది. ఆ సమయంలో వీఈజీఎఫ్ అందుబాటులో ఉంటే నాళం పెరుగుతుంది, లేకపోతే అదే నాళం క్షీణించి అంతరిస్తుంది. యాంజియోపొయిటిన్-1 గోడలను తిరిగి స్థిరపరుస్తుంది. అండం విడుదలైన తర్వాత ప్రొజెస్టిరాన్ ప్రభావంతో, నాళాల పెరుగుదలను అడ్డుకునే త్రాంబోస్పాండిన్-1 ఒకవైపు ఎక్కువవుతుండగా, మరోవైపు సర్పిల ధమనులు పొర మందం కంటే వేగంగా పొడవై, ఉన్న చోటు చాలక మెలికలు తిరుగుతాయి. ఒకే హార్మోన్ కింద ఒకచోట నిగ్రహం, మరొకచోట పెరుగుదల పక్కపక్కనే సాగడం, నా దృష్టిలో, ఈ కణజాలంలో అన్నిటికంటే అబ్బురపరిచే విషయం.

అపోహ: గర్భం నిలవాలంటే ఎంత ఎక్కువ రక్తం చేరితే అంత మంచిది; ఎన్‌కే (నేచురల్ కిల్లర్) అనే రోగనిరోధక కణాలు పిండానికి శత్రువులు.

వాస్తవం: గర్భం తొలి వారాల్లో పిండం వైపు నుంచి వచ్చిన ట్రోఫోబ్లాస్ట్ కణాలు సర్పిల ధమనుల చివరలను చాలావరకు మూసి ఉంచుతాయి కాబట్టి పిండం తక్కువ ఆక్సిజన్‌లోనే రూపుదిద్దుకుంటుంది, సుమారు 10 నుంచి 12 వారాల మధ్య ఆ అడ్డు తొలగి, తల్లి రక్తం మాయలోకి ధారాళంగా చేరుతుంది. ఈలోగా ఆ ధమనులు కండర గోడను కోల్పోయి వెడల్పైన గొట్టాలుగా మారుతూ వస్తాయి. ఆ మార్పుకు నాంది పలికే వాటిలో గర్భాశయంలోని ఎన్‌కే కణాలు ముఖ్యమైనవి. ఈ మార్పు అసంపూర్ణంగా మిగిలితే గర్భిణిలో రక్తపోటు పెరిగే ప్రీఎక్లాంప్సియాకు, శిశువు ఎదుగుదల లోపానికి దారితీయవచ్చు. చేతి నుంచి తీసిన రక్తంలోని ఎన్‌కే కణాల లెక్కను బట్టి గర్భాశయంలోని స్థితిని చెప్పలేము.

అపోహ: ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరాన్‌ను పోలిన కృత్రిమ హార్మోన్) మాత్రమే ఉన్న గర్భనిరోధకాలు వాడేటప్పుడు చుక్కలుగా రక్తం కనబడితే పొర మందమైపోయినట్టే.

వాస్తవం: సాధారణంగా పొర పలచబడే ఉంటుంది. అయితే ఉపరితలానికి దగ్గరగా ఉన్న నాళాలు ఉబ్బి, గోడలు పలచనై, వాటిని చుట్టుకొని ఆధారంగా నిలిచే కణాల పట్టు తగ్గడం వల్ల సులువుగా చిట్లుతాయి. చాలామందిలో ఇది కొన్ని నెలల్లో తగ్గుతుంది. కానీ కలయిక తర్వాత గానీ, మెనోపాజ్ దాటాక గానీ రక్తం కనబడితే దాన్ని ఈ కారణానికి ఆపాదించి ఊరుకోకుండా తప్పక పరీక్ష చేయించుకోవాలి.