దుంగల ఇంటికి కప్పిన పలకలు పీకొచ్చా? అపోహలు - వాస్తవాలు

అమెరికాలో డెలావేర్ నది చుట్టుపక్కల పాత ఇళ్ల మరమ్మతు నా పని. దుంగల ఇళ్ల గురించి తరచూ వినే మాటలివి.

అపోహ: ఇంగ్లండ్ నుంచి వచ్చిన తొలి వలసదారులే దుంగల ఇళ్లు కట్టారు.

వాస్తవం: వాళ్లకు ఆ పని అలవాటు లేదు. మసాచుసెట్స్‌లోని ప్లిమత్ అనే తొలి వలస ఊళ్లో వాళ్లు చెక్క చట్రం నిలబెట్టి, పైన పలకలు కొట్టుకున్నారు. దుంగ మీద దుంగ పేర్చే పద్ధతి 1638 నుంచి ఇక్కడ దిగిన స్వీడన్, ఫిన్లాండ్ వాళ్లతో వచ్చింది. న్యూజెర్సీ గిబ్స్‌టౌన్‌లోని నాత్‌నేగల్ ఇల్లు వాళ్ల కాలానిదేనని చెబుతారు. తరువాతి వాళ్లు దాని పక్కనే చట్రం కట్టి గదులు కలుపుకున్నారు.

అపోహ: పలకలు, సున్నం పూత తరువాత వచ్చినవాళ్లు చేసిన పాడు. పీకేస్తే అసలు ఇల్లు బయటపడుతుంది.

వాస్తవం: ఈ మాట వింటేనే నాకు టెన్షన్. పలకలు వానను ఆపుతాయి, చలిగాలిని ఆపుతాయి. చాలా ఇళ్లకు కట్టినవాళ్లే, చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే, పలకలు కొట్టించుకున్నారు. వందేళ్లకు పైగా వాటి చాటున పొడిగా ఉన్న దుంగలు పీకాక కొన్నేళ్లకే మూలల్లో పుచ్చిపోతాయి. ఆపైన సందుల్లో సిమెంట్ కూరతారు. మట్టి, సున్నం అయితే చెక్కతో పాటు కదులుతాయి, తడిని బయటికి వదులుతాయి. సిమెంట్ బిగుసుకుపోయి, చెక్క ముడుచుకోగానే సందు ఇచ్చి, లోపలికి దిగిన నీటిని అక్కడే పట్టి ఉంచుతుంది. మన ఊళ్లలో పాత సున్నపు గోడకు సిమెంట్ ప్లాస్టరింగ్ చేయిస్తే చెమ్మ ఎక్కుతుందే, అదే కథ.

పైగా ఎవరెవరు కాపురం చేశారో తెలిసేది ఆ మార్పుల్లోనే. స్వీడన్ వాళ్ల పొయ్యి గది మూలన ఉంటుంది. జర్మన్లకు ఇంటి మధ్యలో పొగగొట్టం అలవాటు, ఇంగ్లిషువాళ్లకు చివరి గోడకు. ఒకచోట మూసేసిన పొయ్యి, ఇంకోచోట కొత్త పొగగొట్టం కనబడితే నేను ముందు కొలతలు తీసి, ఫొటోలు తీసుకుంటాను. గునపం తరువాత సంగతి.

అపోహ: మొరటుగా ఉంటే పాతదే.

వాస్తవం: కెంటకీలో లింకన్ పుట్టిన ఇల్లంటూ పాలరాతి మండపంలో పెట్టి చూపించిన దుంగల ఇల్లుంది. ఆయన పుట్టింది 1809లో. 2004లో దుంగల్లోని, చెట్టు ఏటా వేసుకునే వలయాలు లెక్కపెడితే అందులో అన్నిటికంటే పాత దుంగ కూడా 1848 నాటిదని తేలింది.