పడవ ముక్కు ఎటు, పడవ పోయేదెటు? రిలేటివ్ వెలాసిటీ అపోహలు - వాస్తవాలు

ఇంటర్ ఫస్టియర్‌లో ‘సమతలంలో చలనం’ మొదలైందంటే చాలు, రిలేటివ్ వెలాసిటీతో (అంటే ఒకదానితో పోలిస్తే మరొకదాని వేగంతో) ఏరు దాటే లెక్క దగ్గర మార్కులు నీళ్లపాలే.

అపోహ: ప్రవాహం జోరుగా ఉంటే ఏరు దాటే టైమ్ మారిపోతుంది.

వాస్తవం: పడవ ముక్కు అవతలి గట్టుకు సూటిగా పెడితే మారదు. ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణ వెడల్పు 1200 మీటర్లనుకోండి. నిలకడ నీటిలో పడవ వేగం సెకనుకు 5 మీటర్లు, ప్రవాహం 3. టైమ్ 1200/5, అంటే 240 సెకన్లు. ఈలోగా నీరు పడవను 720 మీటర్లు బ్యారేజీ వైపు లాక్కుపోతుంది. అదే డ్రిఫ్ట్.

చాలామంది 5, 3లకు పైథాగరస్ వేసి, 5.83 తెచ్చి, 1200ని దాంతో భాగిస్తారు. 206 సెకన్లు వస్తుంది, ఆప్షన్లలోనూ అది కనిపిస్తుంది, టిక్ పెట్టేస్తారు. 5.83 ఏటవాలు దారిలో వేగం, 1200 అడ్డంగా దూరం. ఈ రెంటికీ పొత్తు కుదరదు. ఏటవాలు దూరం 1399 మీటర్లు. దాన్ని 5.83తో భాగించి చూడండి, మళ్లీ 240కే వస్తారు.

దీనికి కవల అపోహ: దగ్గరి దారిలో పోతే త్వరగా చేరతాం. సరిగ్గా ఎదుటి రేవుకే చేరాలంటే ముక్కు ఎగువకు తిప్పాలి: సైన్ తీటా = 3/5, అంటే ఎదుటి గట్టుకు సూటిగా ఉన్న గీత నుంచి 37 డిగ్రీలు. అప్పుడు అడ్డంగా మిగిలే వేగం 4, టైమ్ 300 సెకన్లు. దారి తగ్గింది, టైమ్ పెరిగింది. కోణం ప్రవాహ దిశ నుంచి అడిగితే 37 కాదు, 127. ప్రవాహం పడవ వేగానికి సమానమైనా, మించినా ఎదుటి రేవుకు సూటిగా చేరడం కుదరదు.

లెక్కలంటే భయపడే పిల్లలకు ఒక్క మాట: ఇందులో ఉన్నది భాగహారమే. తికమకంతా ‘ఎవరితో పోలిస్తే’ అన్నది రాయకపోవడం వల్ల. నీటితో పోలిస్తే పడవ, నేలతో పోలిస్తే నీరు. ఈ రెండు బాణాలూ కలిపితే నేలతో పోలిస్తే పడవ. బొమ్మ గీయకుండా పెన్ను కదపొద్దు.

మిగతావి చకచకా. ‘ఎదురైతే కూడిక, ఒకే వైపైతే తీసివేత’ అన్న చిట్కా ఒకే సరళరేఖ మీదే పనిచేస్తుంది. గుంటూరు వైపు గంటకు 72, విజయవాడ వైపు 54 కిలోమీటర్ల వేగంతో రైళ్లు, పొడవులు 150, 200 మీటర్లు: ముందు 5/18తో గుణించి సెకనుకు మీటర్లలోకి మారిస్తే 20, 15. పూర్తిగా దాటడానికి 350/35, 10 సెకన్లు. మొదటి రైలు కిటికీలో కూర్చున్నవాడికైతే 200/35 మాత్రమే. వాన నిట్టనిలువుగా 4, నడక 3 అయితే గొడుగు నిలువు నుంచి ముందుకే 37 డిగ్రీలు వంచాలి. వెనక్కి వచ్చిందంటే తీసేయాల్సిన చోట కూడారన్నమాట.